బీరువాలో సీడీలు పోకముందే: డిస్క్ ఇమేజ్ తీయడం, దాచడం, వాడుకోవడం

ఖమ్మంలో మాది వీడియో మిక్సింగ్ షాపు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాల వీడియోలు ఎడిట్ చేయడం అసలు పని. కొన్నేళ్ళుగా దీనికి ఇంకో పని తోడైంది. బీరువాల్లో, టీవీ స్టాండు కింద సొరుగుల్లో పడున్న పాత సీడీలు, డీవీడీలు తెచ్చి "ఇవి పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి" అంటున్నారు జనం. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే జాగానే లేదు. డీవీడీ ప్లేయర్లు చాలా ఇళ్ళలో పాత సామానులోకి వెళ్ళిపోయాయి.

ఎవరు ఏ డిస్కు తెచ్చినా నేను మొదట చేసే పని ఒక్కటే: దాని ఇమేజ్ తీయడం. ఫైళ్ళు కాపీ చేయడం, వీడియో మార్చడం, ఫొటోలు విడదీయడం అన్నీ ఆ తర్వాతే, అవి కూడా ఇమేజ్ మీదే. ఇరవై ఏళ్ళ సీడీ ఇవాళ చదవగలిగినంత బాగా రేపు చదవగలమన్న నమ్మకం లేదు. ఒక్కసారి మొత్తం చదివి దాచేస్తే ఇక ఆ డిస్కును డ్రైవ్‌లో తిప్పాల్సిన అవసరం రాదు. ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇమేజ్‌లో ఏముంటుంది

డిస్కు మీద ఉన్న సమాచారమంతా సెక్టార్లు అనే చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. డేటా సీడీలో ఒక్కో సెక్టారులో మనకు దక్కేది 2048 బైట్లు. మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు వరకు, ఉన్నదున్నట్టు, అదే వరుసలో చదివి ఒకే ఫైలుగా రాసుకుంటే అదే డిస్క్ ఇమేజ్. ఫైళ్ళతో పాటు ఏ ఫైలు ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక, డిస్కు పేరు, దాచి ఉంచిన ఫోల్డర్లు, కంప్యూటర్‌ను బూట్ చేసే, అంటే ఆన్ చేయగానే నడిపించే భాగం, మధ్యలో ఖాళీగా వదిలిన జాగా, అన్నీ వస్తాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజుకు సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే విషయంతో పాటు ముద్రలు, సంతకాలు, అంచున రాసిన నంబర్లు కూడా వస్తాయి కదా, ఇదీ అంతే. జిప్ ఫైలుకు, దీనికి తేడా అక్కడే ఉంది. జిప్‌లోకి వెళ్ళేవి ఫైళ్ళు మాత్రమే, ఇమేజ్‌లోకి డిస్కే వస్తుంది.

ఇమేజ్ ఫైళ్ళకు ఎక్కువగా కనిపించే ఐఎస్ఓ అనే పేరు, సీడీల్లో ఫైళ్ళు అమర్చే పద్ధతికి 1988లో వచ్చిన ఐఎస్ఓ 9660 ప్రమాణం నుంచి వచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా సీడీ తయారు చేసేది. 1985లో అమెరికాలోని లేక్ టాహో ఒడ్డున హై సియెర్రా అనే హోటల్లో కంపెనీల వాళ్ళు కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. దాన్నే తర్వాత ప్రమాణంగా దిద్దారు. ఈ పద్ధతిలో మొదటి 16 సెక్టార్లు, అంటే 32 కేబీ, వదిలేసి ఆ తర్వాత డిస్కు వివరాలు రాస్తారు. మొదట్లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చివర మూడు అక్షరాలే అనుమతి. పాత సీడీల్లో పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో, సగానికి తెగిపోయినట్టు కనిపించేది అందుకే. విండోస్ 95 రోజుల్లో మైక్రోసాఫ్ట్ జోలియెట్ అనే పొడిగింపు తెచ్చాక 64 అక్షరాల దాకా పేర్లు, యూనికోడ్ కూడా కుదిరాయి. తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్లు సీడీలో నిలబడటానికి అదే ఆధారం.

మీ డిస్కు ఏ రకమో ముందు చూడండి

ఈ అడుగు దాటేసిన వాళ్ళే ఎక్కువగా ఇబ్బంది పడతారు. డిస్కు పెట్టి లోపల ఫోల్డర్ల పేర్లు చూడండి. వీడియో_టీఎస్ అనే ఫోల్డరు ఉంటే అది వీడియో డీవీడీ. ఎంపెగ్ఏవీ అనే ఫోల్డరు, అందులో ఏవీసెక్01 లాంటి పేరుతో డీఏటీ ఫైలు ఉంటే అది వీసీడీ, అంటే వీడియో సీడీ. ట్రాక్01, ట్రాక్02 అంటూ సీడీఏ ఫైళ్ళు కనిపిస్తే పాటల సీడీ. ఇవేవీ కాకుండా మామూలుగా ఫొటోలో, సాఫ్ట్‌వేరో ఉంటే డేటా డిస్కు.

డీవీడీ, డేటా సీడీ అయితే సమస్య లేదు, ఐఎస్ఓ సరిపోతుంది. పాటల సీడీలో నిజానికి ఫైళ్ళే ఉండవు. ఆ సీడీఏలు ఒక్కొక్కటి 44 బైట్లే, పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తులు మాత్రమే. వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇంటికెళ్ళి ఆడించబోయి నిరాశపడ్డవాళ్ళు చాలామంది. పాటల సీడీకి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాము మంచిది. గీతలు పడ్డ చోట మళ్ళీ మళ్ళీ చదివి సరిచూసుకుంటుంది.

ఇక వీసీడీ. మన దగ్గర 2000ల్లో పెళ్ళి వీడియో అంటే చాలావరకు ఇదే. ఒక్కో పెళ్ళికి రెండు మూడు డిస్కులు, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన వధూవరుల ఫొటో స్టిక్కరు. వీసీడీ ప్రమాణం 1993లో వచ్చింది. మన టీవీలు వాడిన పాల్ (PAL) పద్ధతిలో బొమ్మ పరిమాణం 352×288 చుక్కలు. ఇప్పటి ఫోను తెర మీద అది చిన్నగానే ఉంటుంది, కానీ ఆ పెళ్ళికి మిగిలిన వీడియో అదొక్కటే అయినప్పుడు దాన్ని మించింది లేదు.

వీసీడీని ఐఎస్ఓగా తీయకూడదు. కారణం తెలిస్తే మర్చిపోరు. సీడీ మీద ఒక్కో సెక్టారు నిజమైన పరిమాణం 2352 బైట్లు. డేటా సీడీలో ఇందులో 2048 మనకిచ్చి, మిగతావి సెక్టారును గుర్తించడానికి, చెరిగిపోయిన బైట్లను లెక్కగట్టి తిరిగి రాబట్టడానికి వాడతారు. ఈ సరిదిద్దే భాగమే 276 బైట్లు. వీడియోలో ఒక్క చుక్క అటూ ఇటూ అయినా కంటికి ఆనదని వీసీడీలో ఆ సరిదిద్దే బైట్లను తీసేసి, ఆ జాగా కూడా బొమ్మకే ఇచ్చారు. అందుకే వీసీడీ సెక్టారులో 2324 బైట్ల వీడియో పడుతుంది. 80 నిమిషాల సీడీలో 3,60,000 సెక్టార్లు ఉంటాయి. డేటాగా రాస్తే 703 ఎంబీ, వీడియోగా రాస్తే దాదాపు 800 ఎంబీ. సెక్టారుకు 2048 బైట్లే పట్టే ఐఎస్ఓలో ఈ వీడియో ఇమడదు. ఐఎస్ఓ తీయబోతే ప్రోగ్రాము ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, లేదా బొమ్మలో కొంత భాగం పోయిన ఫైలు చేతికొస్తుంది. ఇంకోటి, సరిదిద్దే బైట్లు లేవు కాబట్టి అదే గీత డేటా సీడీని ఏమీ చేయకపోయినా వీసీడీని చెడగొడుతుంది. మీ దగ్గర రకరకాల డిస్కులుంటే వీసీడీలతోనే మొదలుపెట్టండి.

వీసీడీకి కావాల్సింది బిన్, క్యూ అనే జంట ఫైళ్ళు. బిన్‌లో 2352 బైట్ల సెక్టార్లు మొత్తానికి మొత్తం ఉంటాయి. క్యూ అనేది చిన్న టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడొచ్చు. మొదటి లైనులో బిన్ ఫైలు పేరు, దాని కింద ఒకటో ట్రాక్, అది ఏ రకం, ఎక్కడ మొదలు, ఆ కింద రెండో ట్రాక్, ఇలా ఉంటుంది. మొదలయ్యే చోటును నిమిషాలు, సెకన్లు, ఫ్రేములుగా రాస్తారు. సీడీలో సెకనుకు 75 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమంటే ఒక సెక్టారు. వీసీడీలో ఒకటో ట్రాక్ డిస్కు వివరాలకు, రెండో ట్రాక్ నుంచి వీడియో. ఇక్కడొక జాగ్రత్త ఉంది. బిన్ ఫైలుకు మీరు 'అక్క పెళ్ళి 1' అని పేరు మారిస్తే క్యూ లోపల ఆ మొదటి లైనులో కూడా మార్చాలి. లేకపోతే తర్వాత ఏ ప్రోగ్రామూ బిన్‌ను కనుక్కోలేదు. పేరు ముందే ఆలోచించుకుని ఇమేజ్ తీసేటప్పుడే పెట్టడం తేలిక.

మిగతా రకాలు తడవకోటి కనిపిస్తుంటాయి. ఎన్ఆర్‌జీ అంటే నీరో ప్రోగ్రాము చేసింది. ఎండీఎఫ్, ఎండీఎస్ జంట ఆల్కహాల్ 120% చేసింది. డీఎంజీ మ్యాక్‌ది. ఐఎంజీ అనేది ఎక్కువగా పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు ఇమేజ్‌లకు వాడతారు. ఇప్పుడు కొత్తగా తీసేవాళ్ళు ఐఎస్ఓ, బిన్-క్యూ ఈ రెండింటికే కట్టుబడి ఉండండి. ఏదో ఒక కంపెనీకి చెందిన రకంలో దాచితే పదేళ్ళ తర్వాత తెరిచే ప్రోగ్రాము కోసం వెతుక్కోవాలి.

తీసే పద్ధతి

ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ రైటర్ ఒకటి కొనుక్కోండి. దాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టాలి. యూఎస్‌బీ హబ్‌కు పెడితే కరెంటు చాలక మధ్యలో ఆగిపోయే అవకాశం ఉంది.

విండోస్‌లో డిస్కు నుంచి ఇమేజ్ తీసే సౌకర్యం విడిగా లేదు, ప్రోగ్రాము ఒకటి వేసుకోవాలి. నేను వాడేది ఇమ్గ్‌బర్న్. చివరి వెర్షన్ 2013లో వచ్చింది, అయినా ఈ పనికి ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఇన్‌స్టాలర్‌తో పాటు వేరే ప్రోగ్రాములు తగిలించిన కాపీలు నెట్‌లో తిరుగుతుంటాయి కాబట్టి నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోకుండా ప్రతి టిక్కూ చదివి అక్కర్లేనివి తీసేయండి.

తెరవగానే 'క్రియేట్ ఇమేజ్ ఫైల్ ఫ్రమ్ డిస్క్' అని కనిపిస్తుంది. అది నొక్కితే కుడివైపు డిస్కు వివరాలు వస్తాయి: ఎన్ని సెక్టార్లు, ఎన్ని ట్రాకులు, ఏ రకం. ఎక్కడ దాచాలో, ఏ పేరుతోనో చెప్పండి. రీడ్ స్పీడ్ దగ్గర గరిష్ఠం వదిలేయకుండా తగ్గించండి. పాత సీడీలకు నేను 8ఎక్స్, అంటే మామూలు వేగానికి ఎనిమిది రెట్లు, దాటనివ్వను. వేగంగా తిరిగితే వంకరపోయిన డిస్కు ఊగుతుంది, చదవడంలో తప్పులు పెరుగుతాయి. తర్వాత రీడ్ బొత్తాం. డేటా సీడీ, డీవీడీ అయితే ఐఎస్ఓ, వీసీడీ అయితే బిన్-క్యూ తనే ఎంచుకుంటుంది. పూర్తయ్యాక బిన్ పక్కన క్యూ వచ్చిందో లేదో చూసుకోండి.

మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ తెరిచి ఫైల్ మెనూలో న్యూ ఇమేజ్ కింద డిస్కును ఎంచుకుని, ఫార్మాట్ దగ్గర డీవీడీ/సీడీ మాస్టర్ పెట్టండి. సీడీఆర్ అనే చివరతో ఫైలొస్తుంది. డేటా డిస్కుకు, డీవీడీకి ఆ చివరను ఐఎస్ఓగా మార్చి వాడుకోవచ్చు. లినక్స్ వాళ్ళకు డిస్క్స్ అనే ప్రోగ్రాములో క్రియేట్ డిస్క్ ఇమేజ్ ఉంది. వీసీడీలకైతే సీడీఆర్‌డీఏఓ అనే ప్రోగ్రాము వాడాలి.

డీవీడీ ఇమేజ్ దాచేటప్పుడు ఒక చోట చాలామంది ఆగిపోతారు. 4.7 జీబీ డీవీడీ విండోస్ లెక్కలో 4.38 జీబీ. కొత్త పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో వస్తాయి. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. పెన్‌డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉన్నా 'ఫైలు చాలా పెద్దది' అని మెసేజ్ వచ్చేది ఇందుకే. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి పక్కకు తీసుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

ఫొటో స్టూడియో ఇచ్చిన సీడీల్లో ఇంకో సంగతి ఉంటుంది. ఒకే సీడీలో ఇవాళ కొన్ని ఫొటోలు, వారం తర్వాత మరికొన్ని వేసిచ్చేవాళ్ళు. ప్రతిసారీ రాసింది ఒక సెషన్. విండోస్ మామూలుగా చివరి సెషన్‌నే చూపిస్తుంది. డిస్కు వెనక వైపు చూస్తే రాసిన భాగం పెద్దగా కనిపిస్తుంది, తెరిస్తే మాత్రం పది ఫొటోలే. అలాంటప్పుడు ఐసోబస్టర్ అనే ప్రోగ్రాములో పెట్టండి. సెషన్లన్నీ విడివిడిగా చూపిస్తుంది, మొదటి సెషన్‌లోని ఫొటోలను అక్కడి నుంచి తీసుకోవచ్చు.

దెబ్బతిన్న డిస్కు

ఒక రిటైర్డ్ మాస్టారు తెచ్చిన వీసీడీ సంగతి చెబితే ఈ భాగం బాగా అర్థమవుతుంది.

"ఇందులో ఏముంది మాస్టారూ?"

"మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ బాబూ. మా ఆవిడ మాట వినపడేది ఇందులో ఒక్కదాంట్లోనే. మావాడు ల్యాప్‌టాప్‌లోకి వేస్తుంటే సగంలో ఆగిపోతోంది, ఏదో రిడండెన్సీ చెక్ అంటోంది."

డిస్కు తీసి చూశాను. కింది వైపు వేలిముద్రలు, సన్నటి గీతలు. పై వైపు ఫొటో స్టిక్కరు అంచు లేచి ఉంది, దాంతోపాటు వెండి పొర కూడా చిన్న చిప్పలా లేచింది. లైటుకు ఎదురుగా పెడితే ఆ చోట సూది మొనంత వెలుతురు కనిపించింది. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, అందులో దాదాపు అంతా కింది వైపు ప్లాస్టిక్కే. సమాచారం ఉండే పొర స్టిక్కరుకు ఆనుకునే, పల్చటి లక్క కింద ఉంటుంది. అందుకే కింది గీతల కంటే పై వైపు దెబ్బే ప్రమాదం. స్టిక్కరు పీకితే దాంతోపాటే పెళ్ళో, ఫంక్షనో ఊడొస్తుంది. ఎంత అసహ్యంగా లేచి ఉన్నా దాని జోలికి పోకండి. డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్యలో ఉంటుంది కాబట్టి ఈ భయం తక్కువ.

"స్టిక్కరు తీసేస్తే నయమేమో?"

"వద్దు మాస్టారూ, అది ఉంటేనే మనకు మిగతాదైనా దక్కుతుంది."

కింది వైపు మాత్రం తుడిచాను. కొంచెం నీళ్ళు, మెత్తటి నూలు గుడ్డ. మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. ట్రాకులు గుండ్రంగా తిరుగుతాయి. గుండ్రంగా గీత పడితే ఒకే ట్రాకు పొడవునా పోతుంది, అడ్డంగా పడితే ట్రాకులో చిన్న ముక్కే పోతుంది. టూత్‌పేస్టు రుద్దడం లాంటివి ఇంత విలువైన డిస్కు మీద చేయొద్దు.

తర్వాత ఐసోబస్టర్‌లో మేనేజ్డ్ ఇమేజ్ ఫైల్ పద్ధతిలో మొదలుపెట్టాను. ఏ సెక్టార్లు వచ్చాయో, ఏవి రాలేదో లెక్క రాసుకుంటుంది. ఆపి మళ్ళీ మొదలుపెట్టినా వచ్చిన వాటి జోలికి పోకుండా రానివే అడుగుతుంది. సీడీ లోపలి అంచు నుంచి బయటికి నిండుతుంది. మనం పట్టుకునేది బయటి అంచు కాబట్టి ఫంక్షన్ చివర్లో భోజనాలు, ఫొటోలు దిగే భాగం దగ్గరే వేలిముద్రల దెబ్బ ఎక్కువ. ఈ డిస్కులోనూ అక్కడే నెమ్మదించింది. కొత్త యూఎస్‌బీ డ్రైవ్ ఇక చదవలేనన్న చోట ఆపి, డిస్కును పాత డెస్క్‌టాప్‌లోని డ్రైవ్‌లోకి మార్చి, అదే ఇమేజ్ మీద కొనసాగించాను. ఒక డ్రైవ్ లెన్సుకు కనపడనిది ఇంకోదానికి కనపడటం మామూలే. పాత డ్రైవ్‌లు దొరికితే పారేయకుండా ఒకటి ఉంచుకోమని నేను అందరికీ చెప్పేది అందుకే. మిగిలిన వాటిలో చాలా సెక్టార్లు వచ్చేశాయి. రానివి ఆ సూది మొన చుట్టూ ఉన్నవే. వీడియోలో అక్కడ ఒక్క క్షణం గళ్ళు గళ్ళుగా విరిగి మళ్ళీ సర్దుకుంటుంది. వాళ్ళావిడ మాట్లాడే భాగానికి ఏమీ కాలేదు. మాస్టారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని షాపులోనే విన్నారు.

డేటా సీడీ, డీవీడీలకైతే ఇదే పని ఉచితంగా చేసే జీఎన్‌యూ డీడీరెస్క్యూ లినక్స్‌లో ఉంది. అది మ్యాప్ ఫైలు రాసుకుంటుంది. ముందు తేలిగ్గా వచ్చేవన్నీ లాగేసి, కష్టమైన వాటి దగ్గరికి తర్వాత వస్తుంది. డిస్కు ఎప్పుడు పూర్తిగా చచ్చిపోతుందో తెలియదు కాబట్టి ఆ వరుసే సరైనది. వీసీడీకి మాత్రం అది పనికిరాదు, 2048 లెక్కలోనే చదువుతుంది.

దాచడం, సరిచూడటం

ఇమేజ్ చేతికొచ్చాక దాని హ్యాష్ ఒకటి రాసి పెట్టుకోండి. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని వచ్చే 64 అక్షరాల వరుస అది, పేరు ఎస్‌హెచ్‌ఏ-256. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. 7-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ కింద చూడండి. వచ్చినదాన్ని ఇమేజ్ పక్కనే టెక్స్ట్ ఫైలులో పెట్టండి. హార్డ్‌డిస్క్ మార్చినప్పుడు, క్లౌడ్ నుంచి దించినప్పుడు మళ్ళీ చూసి పోల్చుకుంటే ఫైలు చెక్కుచెదరలేదని తెలుస్తుంది. డిస్కు పై వైపు, కవరు పై వైపు ఫోనుతో ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో ఉంచండి. తేదీ, ఊరు, కల్యాణ మండపం పేరు ఆ కవరు మీదే రాసుంటాయి, లోపల ఎక్కడా ఉండవు. కాపీలు రెండు చోట్ల ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటే వాళ్ళ దగ్గరే ఒకటి ఉంచేస్తున్నారు మా కస్టమర్లు.

తెరవడం

విండోస్ 8 నుంచి ఐఎస్ఓను తెరవడానికి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. డబుల్ క్లిక్ చేస్తే కంప్యూటర్‌లో కొత్త డ్రైవ్ అక్షరం వచ్చి, నిజంగా డిస్కు పెట్టినట్టే కనిపిస్తుంది. దీన్ని మౌంట్ చేయడం అంటారు. పని అయ్యాక ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కాలి. కొన్ని కంప్యూటర్లలో విన్‌రార్ తెరుచుకుంటుంది. అప్పుడు రైట్ క్లిక్, ఓపెన్ విత్, విండోస్ ఎక్స్‌ప్లోరర్ అని ఎంచుకోండి. మౌంట్ చేసిన ఐఎస్ఓలో ఏదీ మార్చలేం, చెరపలేం. పాత డిస్కులకు అదే మంచిది.

వీడియో డీవీడీ ఐఎస్ఓ అయితే నేరుగా వీఎల్‌సీలోకి లాగి వదలండి, మెనూతో సహా ఆడుతుంది. ఫోన్లో చూడాలంటే మేక్‌ఎంకేవీతో ఐఎస్ఓ తెరిచి వీడియోను నాణ్యత తగ్గకుండా బయటికి తీసి, ఆ తర్వాత హ్యాండ్‌బ్రేక్‌తో ఎంపీ4 చేయండి. వీసీడీ బిన్-క్యూ నుంచి వీడియో తీయడానికి ఐసోబస్టర్‌లో క్యూ ఫైలు తెరిచి, డీఏటీ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ఎంపెగ్ ఫ్రేములు మాత్రమే వడపోసి తీసే ఆప్షన్ వాడండి. ఎంపీ4 చేసేశాం కదా అని ఇమేజ్ చెరిపేయకండి. ఇంకో పదేళ్ళకు వీడియోను శుభ్రం చేసే మెరుగైన పద్ధతులు వస్తే మొదలుపెట్టాల్సింది ఇమేజ్ నుంచే.

నెట్ నుంచి దించుకునే ఐఎస్ఓలు

విండోస్, లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు లాంటివన్నీ ఐఎస్ఓలుగానే వస్తాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోవడంతో పాత ల్యాప్‌టాప్‌లలో లినక్స్ వేయమని వచ్చేవాళ్ళు పెరిగారు. ఆ ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్ చేస్తే కంప్యూటర్ బూట్ కాదు. పెన్‌డ్రైవ్‌లో అదొక మామూలు ఫైలుగా పడుంటుంది, లోపలి బూట్ భాగం బయటికి రాదు. రూఫస్ లేదా బలేనా ఎచర్ అనే ప్రోగ్రాములు వాడితే ఇమేజ్ లోపలిది పెన్‌డ్రైవ్ మీద సరైన చోట రాస్తాయి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే తీసుకోండి. పది రకాల ఐఎస్ఓలు ఒకే పెన్‌డ్రైవ్‌లో కావాలంటే వెంటాయ్ ఉంది. ఒకసారి దాన్ని వేసుకుంటే ఆ తర్వాత ఐఎస్ఓలు కాపీ చేసుకుంటూ పోవడమే, ఏది బూట్ చేయాలో మెనూలో అడుగుతుంది.

సీడీ నుంచి బూట్ చేసే పద్ధతికి 1995లో ఫీనిక్స్, ఐబీఎం వాళ్ళు పెట్టిన పేరు ఎల్ టొరీటో. కాలిఫోర్నియాలో వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్న రెస్టారెంటు పేరది.

మా వైపు డీటీపీ చేసేవాళ్ళకు ఇమేజ్‌లతో ఇంకో అవసరం ఉంది. పేజీలు కూర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు లెక్కలేనన్ని అందులో ఉండిపోయాయి. తమ దగ్గరున్న అసలు విండోస్ ఎక్స్‌పీ సీడీ, పేజ్‌మేకర్ సీడీ, తెలుగు ఫాంట్ల సీడీ ఇమేజ్‌లు తీసి, వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాములో కొత్త మెషీన్ చేసి, దాని సెట్టింగ్స్‌లో స్టోరేజ్ దగ్గర ఐఎస్ఓను తగిలిస్తే కొత్త కంప్యూటర్ లోపలే పాత కంప్యూటర్ నడుస్తుంది. ఆ మెషీన్‌కు నెట్ కనెక్షన్ తీసేయండి. ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి.

దించుకున్న ఐఎస్ఓ హ్యాష్‌ను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఇచ్చినదాంతో తప్పకుండా పోల్చండి. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే 'ముందే యాక్టివేట్ చేసిన విండోస్' ఐఎస్ఓలో ఎవరు ఏం కలిపారో మనకు తెలిసే దారి లేదు. ఆ కంప్యూటర్‌లోనే బ్యాంకు పనులు చేస్తాం కదా. ఈమెయిల్‌లో బిల్లు, కొరియర్ రసీదు అంటూ ఐఎస్ఓ ఫైలు వస్తే తెరవకండి. బిల్లులు ఐఎస్ఓలో ఎవరూ పంపరు. నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళకు విండోస్ పెట్టే హెచ్చరిక గుర్తు ఐఎస్ఓ లోపలి ఫైళ్ళకు అంటేది కాదు, మోసగాళ్ళు దాన్ని వాడుకున్నారు. 2022 నవంబరు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది. అప్‌డేట్లు ఆపేసిన కంప్యూటర్లకు ఆ రక్షణ లేదు.

కొన్న సినిమా డీవీడీల సంగతి వేరు. వాటికి తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీయడం గురించి మన కాపీరైట్ చట్టంలో 2012లో 65ఎ సెక్షన్ చేర్చారు. ఆ పని మా షాపులో చేయం.

మళ్ళీ డిస్కు మీదికి

ఊళ్ళో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర డీవీడీ ప్లేయర్ ఇంకా నడుస్తుంటే వాళ్ళకు పెన్‌డ్రైవ్ కంటే డిస్కే సౌకర్యం. విండోస్‌లో ఐఎస్ఓ మీద రైట్ క్లిక్ చేస్తే 'బర్న్ డిస్క్ ఇమేజ్' ఉంటుంది, విండోస్ 7లోనూ ఉంది. అందులో వెరిఫై టిక్ పెట్టండి, రాసినదాన్ని మళ్ళీ చదివి పోల్చుతుంది. బిన్-క్యూ అయితే ఇమ్గ్‌బర్న్‌లో 'రైట్ ఇమేజ్ ఫైల్ టు డిస్క్' నొక్కి క్యూ ఫైలును ఎంచుకోవాలి, బిన్‌ను కాదు. వేగం తక్కువలో పెట్టండి. డిస్కు మీద స్టిక్కరు అంటించొద్దు, సీడీల కోసం అమ్మే మార్కర్‌తో మధ్యలో ఉన్న పారదర్శకమైన వలయం మీద పేరు రాయండి, అక్కడ డేటా ఉండదు. పంపే ముందు మీ దగ్గరున్న ఏదో ఒక ప్లేయర్‌లో చివరి పది నిమిషాలు ఆడించి చూడండి. రాయడంలో తేడా వస్తే ఎక్కువగా బయటి అంచు దగ్గరే వస్తుంది.